మౌస్ తీసేసినా మెనూ ఆగదేం?

ప్రశ్న: మౌస్ పెడితే కిందికి జారేలా జేక్వెరీతో ఒక మెనూ రాశాను. మౌస్‌ను నాలుగైదుసార్లు అటూ ఇటూ తిప్పితే చాలు, తీసేశాక కూడా మెనూ తెరుచుకుంటూ, మూసుకుంటూనే ఉంటోంది. పేజీ తెరిచాక కొత్తగా చేర్చిన ఐటమ్‌లు క్లిక్‌కు పలకడం లేదు. ఏం చేయాలి?

జవాబు: ఇది బ్రౌజర్ లోపం కాదండీ. జేక్వెరీ ఒక ఎలిమెంట్‌కు ఇచ్చిన యానిమేషన్లను వరుసలో నిలబెట్టి, ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి నడుపుతుంది. మీరు వ్యవధి ఇవ్వకపోతే ఒక్కోదానికి 400 మిల్లీసెకన్లు. మౌస్ ఐదుసార్లు వచ్చి వెళ్తే తెరవడాలు ఐదు, మూయడాలు ఐదు. అంటే నాలుగు సెకన్ల పని పేరుకుపోయినట్టే. అందుకే కొత్త యానిమేషన్ మొదలుపెట్టే ముందు ప్రతిసారీ 'స్టాప్' పిలిచి, దాని మొదటి విలువగా 'ట్రూ' ఇవ్వండి. నడుస్తున్నది ఆగిపోతుంది, వరుస ఖాళీ అవుతుంది. ఉత్త 'స్టాప్' రాస్తే నడుస్తున్నది ఒక్కటే ఆగుతుంది, వెనకున్నవి అలాగే వస్తాయి. చాలామంది తడబడేది ఇక్కడే.

మీరు 'మౌస్‌ఓవర్' వాడి ఉంటే 'మౌస్‌ఎంటర్'కు మార్చండి. మెనూ లోపలి లింకుల మీదికి వెళ్లినప్పుడల్లా మౌస్‌ఓవర్ మళ్లీ మోగుతుంది.

ఇక క్లిక్ సంగతి. మీ హ్యాండ్లర్ తగిలించే సమయానికి ఆ ఐటమ్‌లు పేజీలో లేవు. ఐటమ్‌లకు కాకుండా, మొదటినుంచీ ఉన్న మెనూ పెట్టెకే 'ఆన్'తో క్లిక్ తగిలించి, రెండో విలువగా ఐటమ్ సెలెక్టర్ ఇవ్వండి. రేపు చేర్చబోయేవి కూడా పలుకుతాయి.

ముందు స్టాప్ ఒక్కటే మార్చి చూడండి. మెనూ కుదుటపడ్డాకే క్లిక్ జోలికి వెళ్లండి.