ధమనికి పడిన రంధ్రం ఎలా మూసుకొంటుంది?

గుండెకు యాంజియోగ్రాం గాని, స్టెంట్ వేసే యాంజియోప్లాస్టీ గాని చేయించుకొన్న వారిని పరామర్శించడానికి వచ్చినవారు సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎన్ని అడ్డంకులు ఉన్నాయి, ఎన్ని స్టెంట్లు పడ్డాయి, ఎంత ఖర్చయింది. గొట్టం లోపలికి వెళ్ళిన దారి ఏమయిందని అడిగేవారు అరుదు. అయితే ఈ చికిత్సల తరువాత తరచుగా కనిపించే ఇబ్బందులు ఆ దారి దగ్గరనే పుడతాయి. రక్తస్రావం, వాపు, గజ్జలో గడ్డ వంటివన్నీ ధమనికి చేసిన ఒక చిన్న రంధ్రానికి సంబంధించినవే. ఆ రంధ్రాన్ని మూసే పద్ధతుల గురించి, వాటి కోసం తయారైన పరికరాల గురించి, అవి చేయగలిగిన దాని గురించి, చేయలేని దాని గురించి ఈ పాఠంలో తెలుసుకొందాం.

రక్తపరీక్షకు మోచేతి దగ్గర సూది గుచ్చినప్పుడు దూది అద్ది రెండు నిమిషాలు చేయి మడిచి ఉంచితే సరిపోతుంది. అది సిర. సిరలో ఒత్తిడి చాలా తక్కువ. ధమని విషయం వేరు. గుండె కొట్టుకొన్న ప్రతిసారీ అందులోకి రక్తం తోసుకొని వస్తుంది. రక్తపోటు కొలిచినప్పుడు చెప్పే 120 అనే అంకె ఆ తోపుడు బలమే. పైగా లోపలికి పంపేది సన్నని సూది మాత్రమే కాదు. గొట్టాలు సులభంగా వెళ్ళి రావడానికి షీత్ అనే ఒక తొడుగును ధమనిలో నిలిపి ఉంచుతారు. దాని కొలతను ఫ్రెంచ్ అనే లెక్కలో చెబుతారు. పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్‌లో వైద్య పనిముట్లు తయారుచేసిన షారియేర్ పెట్టిన కొలత అది. మూడు ఫ్రెంచ్‌లు ఒక మిల్లీమీటరు. గుండె పరీక్షలకు సాధారణంగా వాడే ఆరు ఫ్రెంచ్ తొడుగు లోపలి వెడల్పు రెండు మిల్లీమీటర్లు. తొడుగు గోడ మందం కూడా కలిస్తే ధమనికి పడే రంధ్రం అంతకన్న కొంచెం పెద్దది.

ఈ సమస్య ఒక సౌకర్యంతో పాటు వచ్చింది. పూర్వం ధమనిలోకి పెద్ద గొట్టం పంపాలంటే చర్మాన్ని కోసి, ధమనిని బయటికి కనబరచి, పని ముగిసిన తరువాత కంటితో చూస్తూ కుట్టేవారు. 1953లో స్వీడన్ వైద్యుడు స్వెన్ ఇవార్ సెల్డింగర్ ఒక సులభమైన ఉపాయాన్ని ప్రకటించాడు. సూది గుచ్చి, దాని గుండా సన్నని తీగ పంపి, సూదిని తీసివేసి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని జార్చడమే ఆ ఉపాయం. కోత లేదు, కుట్టు లేదు. నేటికీ ప్రపంచమంతటా క్యాథెటర్ చికిత్సలకు ఇదే పునాది. 1977 సెప్టెంబరులో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుయెంజిగ్ మొట్టమొదటి గుండె యాంజియోప్లాస్టీ చేసినప్పుడు రోగి మెలకువగానే ఉన్నాడు. అయితే కోత తప్పిన చోట రంధ్రం కంటికి కనిపించకుండా పోయింది. చర్మం కింద, కొవ్వు కింద ఉన్న రంధ్రాన్ని చూడకుండా మూయవలసి వచ్చింది.

చేతితో అదమడం

అందుకు తొలి సాధనం మనిషి చేయి. నేటికీ చాలా ఆసుపత్రులలో అదే జరుగుతుంది. తొడుగు తీసివేసిన వెంటనే వైద్యుడో, శిక్షణ పొందిన సాంకేతిక నిపుణుడో గజ్జలో వేళ్ళతో గట్టిగా అదిమి పట్టుకొంటారు. సూదిని ఏటవాలుగా గుచ్చుతారు కనుక చర్మం మీది గాయానికి సూటిగా కింద ధమని గాయం ఉండదు. అది కొద్దిగా పైన, బొడ్డు వైపు ఉంటుంది. అందుచేత అదమవలసినది కనిపించే గాయానికి రెండు వేళ్ళ మేర పైన. కొత్తవారు తడబడేది ఇక్కడే. పది నుండి ఇరవై నిమిషాలు, మధ్యలో చేయి ఎత్తి చూడకుండా అదిమి ఉంచాలి. ఈలోగా రక్తంలోని ప్లేట్‌లెట్ కణాలు రంధ్రం అంచులకు అతుక్కొంటాయి. వాటి మీద ఫైబ్రిన్ అనే ప్రోటీను పోగులు వలవలె అల్లుకొంటాయి. నిజానికి రంధ్రాన్ని మూసేది ఈ వలయే. చేయి దానికి కావలసిన వ్యవధిని కల్పిస్తుంది.

ఆ వల మొదట చాలా బలహీనంగా ఉంటుంది. అందుకే ఆ తరువాత నాలుగు నుండి ఆరు గంటలు కాలు చాచి, కదలకుండా వెల్లకిలా పడుకోవాలని చెబుతారు. చెప్పడం సులభం. నడుము నొప్పి ఉన్న వృద్ధురాలికి, పడుకొని మూత్రం పోయలేని వృద్ధునికి అది కఠినమైన శిక్ష. చికిత్స సమయంలో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇచ్చి ఉంటే దాని ప్రభావం తగ్గేవరకు తొడుగును తీయరు. కాబట్టి నిరీక్షణ ఇంకా పెరుగుతుంది.

మూసివేత పరికరాలు

ఈ నిరీక్షణను తగ్గించాలనే ఉద్దేశంతో 1990ల నుండి ప్రత్యేక పరికరాలు వాడుకలోకి వచ్చాయి. అవి పనిచేసే తీరు ఒకటి కాదు.

ఎక్కువమందికి పరిచయమైనది కొల్లాజెన్ బిరడా పద్ధతి. ఆంజియో సీల్ అనే పరికరం ఈ కోవలోనిదే. ధమని లోపల గోడకు ఆనుకొనేలా ఒక చిన్న పలకను నిలుపుతారు. ధమని బయట కొల్లాజెన్ ముద్దను ఉంచుతారు. రెంటినీ ఒక దారంతో బిగిస్తే చొక్కాకు రెండు వైపుల నుండి గుండీ పెట్టినట్లు రంధ్రం మధ్యలో చిక్కుతుంది. ఈ మూడూ దాదాపు మూడు నెలలలో శరీరంలో కరిగిపోతాయి. ఇందులో పాఠకులు గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఈ పరికరంలోని కొల్లాజెన్ గోజాతి పశువుల నుండి తీసినది. ఆ మాంసానికి గాని, కొల్లాజెన్‌కు గాని ఒంటికి పడని గుణం ఉన్నవారు వైద్యునికి తప్పక చెప్పాలి. మతాచారం వల్ల అభ్యంతరం ఉన్నవారు కూడా సంకోచించకుండా ముందే అడగవచ్చు. వేరే పద్ధతులు ఉన్నాయి కనుక అది న్యాయమైన ప్రశ్నే.

రెండవది కుట్టు పద్ధతి. పెర్‌క్లోజ్ వంటి పరికరం చర్మం మీది చిన్న గాయం గుండానే లోపలికి వెళ్ళి ధమని గోడకు ఒక కుట్టు వేసి, ముడిని బయటినుండి కిందికి తోసి బిగిస్తుంది. నేడు ఇందులో వాడే పాలీప్రొపిలీన్ దారం కరగదు, అక్కడే ఉండిపోతుంది. నికెల్, టైటానియం కలిసిన లోహపు క్లిప్పును ధమని బయటి గోడకు వేసే పద్ధతి మరొకటి. నికెల్ నగలు ఒంటికి పడనివారు ఆ మాట వైద్యునికి చెప్పడం మంచిది. ధమని బయట ఒక జిగురు పదార్థాన్ని నింపే పరికరాలు కూడా ఉన్నాయి. ఆ జిగురు కొద్ది వారాలలో కరిగిపోతుంది.

గుండె కవాటాన్ని తొడ ధమని గుండా మార్చే చికిత్సలో తొడుగు పద్నాలుగు ఫ్రెంచ్, ఒక్కొక్కప్పుడు అంతకన్న పెద్దది. అంటే రంధ్రం అయిదారు మిల్లీమీటర్లు. దాన్ని చేతితో అదిమి మూయడం కుదరదు. అందుకే పెద్ద తొడుగు వేయకముందే కుట్లు వేసి, దారపు కొసలు బయట వదిలి, పని ముగిసిన తరువాత వాటిని బిగిస్తారు. ఈ పరికరాలు లేనట్లయితే ఇటువంటి చికిత్సకు గజ్జ కోయక తప్పేది కాదు. వాటి విలువ స్పష్టంగా కనిపించేది ఇక్కడే.

సాధారణ యాంజియోగ్రాం తరువాత సంగతి అంత సూటిగా లేదు. 2014లో జర్మనీలో 4,524 మంది మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వెలువడ్డాయి. పరికరంతో మూసినవారిలో 6.9 శాతం మందికి, చేతితో అదిమినవారిలో 7.9 శాతం మందికి రక్తనాళ సంబంధమైన ఇబ్బందులు కలిగాయి. పరికరం చేతికన్న అధ్వాన్నం కాదని నిర్ధారణ అయింది గాని, చేతికన్న సురక్షితమని నిరూపణ కాలేదు. స్పష్టమైన తేడా కాలంలో కనిపించింది. చేతితో పది నిమిషాలు పట్టిన రక్తస్తంభన పరికరంతో ఒక్క నిమిషంలో పూర్తయింది. కాబట్టి బిల్లులో ఈ పరికరం పేరు చూసినవారు అది దేనికోసమో గ్రహించాలి. రోగి త్వరగా లేచి కూర్చోవడానికి అది ఉపకరిస్తుంది. ఆ సౌకర్యం కొందరికి నిజంగా అవసరం. అయితే పరికరం వేశారు కనుక ఇక జాగ్రత్త అక్కరలేదని అనుకోవడం ప్రమాదకరం. ధమనిలో సున్నం పేరుకొన్నా, రంధ్రం ధమని చీలే చోట పడినా కొన్ని పరికరాలు తగవు. వేసిన పరికరం పట్టుకోకపోతే వైద్యుడు మళ్ళీ చేతితో అదమడానికే వస్తాడు.

మణికట్టు దారి

1989లో మాంట్రియల్‌లో లూసియన్ కాంపో మణికట్టు ధమని గుండా గుండె యాంజియోగ్రాంలు చేసిన అనుభవాన్ని ప్రకటించాడు. కొద్ది సంవత్సరాలకే ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెర్డినాండ్ కీమెనీ అదే దారిలో స్టెంట్లు వేశాడు. మణికట్టు ధమని చిన్నది, చర్మానికి దగ్గరగా ఎముక మీద ఉంటుంది. అరచేతికి సాధారణంగా మరొక ధమని నుండి కూడా రక్తం అందుతుంది. గాలి నింపిన ఒక పట్టీ కొన్ని గంటలు కడితే చాలు, మూసివేత పరికరంతో పని లేదు. గజ్జ దారికన్న రక్తస్రావం తక్కువని పెద్ద అధ్యయనాలు తేల్చినందున వీలైన చోట వైద్యులు దీనికే మొగ్గు చూపుతున్నారు. మూత్రపిండాల వ్యాధి ఉండి డయాలిసిస్ కోసం చేతి రక్తనాళాలను కాపాడుకోవలసిన వారికి, మణికట్టు ధమని మరీ సన్నగా ఉన్నవారికి, పెద్ద తొడుగు అవసరమైన చికిత్సలకు మాత్రం గజ్జ దారి తప్పదు. మణికట్టు ద్వారా వీలవుతుందా అని ముందుగా అడగడంలో తప్పేమీ లేదు.

ఇంటికి వచ్చిన తరువాత

గజ్జ గాయం ఉన్నవారు మొదటి కొద్ది రోజులు గొంతుక్కూర్చోరాదు, బరువులు ఎత్తరాదు. నేల మీద కూర్చొని భోంచేసే అలవాటు ఉన్నవారు కుర్చీ వాడాలి. మరుగుదొడ్డి పాత పద్ధతిదైతే ఆ కొద్ది రోజులకు ఎత్తు పీట ఏర్పాటు చేసుకోవాలి. తుమ్ము, దగ్గు వచ్చినప్పుడు గాయం మీద అరచేతితో అదిమి పట్టుకోవాలి. చెరువు, నది స్నానాలు గాయం మానేవరకు కూడదు. మన కుటుంబాలలో మరొక అలవాటు ఉన్నది: ఆసుపత్రి నుండి విడుదలైన రాత్రే బెంగళూరు నుండో, ముంబయి నుండో బస్సెక్కి, సొంత ఊరిలో కోలుకొందామని బయలుదేరడం. పదీ పన్నెండు గంటలు కాలు మడిచి కూర్చొనే ప్రయాణం, దారిలో రక్తం కారితే చూసే దిక్కు లేకపోవడం ఆలోచించదగినవి. ప్రయాణం ఎప్పుడు చేయవచ్చో వైద్యునితో నిర్ణయించుకోవాలి.

గాయం నుండి రక్తం కారినా, వాపు త్వరత్వరగా పెరిగినా రోగిని వెంటనే పడుకోబెట్టి, గాయానికి కొద్దిగా పైన గట్టిగా అదిమి, వేరొకరిని 108కు ఫోన్ చేయమనాలి. అదుముతున్న చేయి తీయరాదు. అంతకన్న మోసకరమైనది బయటికి కనిపించని రక్తస్రావం. రంధ్రం గజ్జ మడత కన్న బాగా పైన పడితే రక్తం కడుపు వెనుక భాగంలో చేరుతుంది. గజ్జలో చుక్క రక్తం కనిపించదు. నడుములో గాని డొక్కలో గాని నొప్పి, చెమటలు, కళ్ళు తిరగడం, రక్తపోటు పడిపోవడం మాత్రమే దాని గుర్తులు. పడుకొని ఉన్నందువల్ల వచ్చిన నడుము నొప్పి అని దీన్ని ఉపేక్షించరాదు. పాదం చల్లబడినా, మొద్దుబారినా, గజ్జలో నాడివలె కొట్టుకొనే గడ్డ తగిలినా, కొన్ని రోజుల తరువాత జ్వరంతో పాటు చీము కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం కారిందన్న భయంతో ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలను సొంతంగా మానరాదు. వాటిని మానితే కొత్త స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నది.

ఈ గుర్తులను నర్సుకు చెప్పగలగాలి. పరాయి భాషా నగరంలో చాలామంది వృద్ధులు నోరు విప్పక ఊరుకొంటారు. రక్తం అనే మాట కన్నడంలో, మరాఠీలో, ఒడియాలో రక్త, తమిళంలో రత్తం. నొప్పి కన్నడంలో నోవు, తమిళంలో వలి. ఈ రెండు మాటలు చెప్పి చేతితో చోటు చూపితే చాలు, ఎదుటివారికి అర్థమవుతుంది. చికిత్స వివరాలను తనకు తెలిసిన భాషలో వినే హక్కు రోగికి ఉన్నదని జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం చెబుతున్నది. సంతకం పెట్టకముందే దుబాసీని అడగవచ్చు.

విడుదల కాగితంలో ఏ వైపు గజ్జ, ఏ తేదీ, ఏ పరికరం అన్న మూడు వివరాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. పరికరం పెట్టె మీది చీటీని అందులో అతికించమని కోరవచ్చు. మూడు నెలల లోపల విజయనగరంలోనో, అనంతపురంలోనో మరొక వైద్యుడు అదే గజ్జలో సూది గుచ్చవలసి వస్తే, లోపల బిరడా ఇంకా కరగలేదని ఆయనకు తెలిపేది ఆ కాగితమే. దాన్ని మందుల చీటీలతో కలిపి, ఇంట్లో మరొకరికి కూడా తెలిసిన చోట ఉంచండి.