ఎండు నెత్తళ్లు: ఇసుక మీదా? మంచె మీదా?

నెత్తళ్లు చిన్న చేపలు. వేలెడంత ఉంటాయి. ఒంటి పక్కన వెండి చార మెరుస్తుంది. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన సముద్రం ఒడ్డున వీటిని ఎరగని ఇల్లు ఉండదు.

ఇవి గుంపులుగా తిరుగుతాయి. గుంపు ఒడ్డుకు దగ్గరగా వస్తే అలివి వల వేస్తారు. పడవలో వెళ్లి వలను సముద్రంలో చుట్టు తిప్పుతారు. వల తాళ్లు రెండూ ఒడ్డుకు తెస్తారు. అటు కొందరు, ఇటు కొందరు నిలబడి లాగుతారు. పడ్డ రోజు తట్టలకు తట్టలు. పడని రోజు ఉత్త వల.

చేప ఒడ్డుకు వచ్చాక పని చాలావరకు ఆడవాళ్లదే. పచ్చి నెత్తళ్లు తొందరగా చెడతాయి. ఐసు లేకపోతే ఆ పూటే అమ్మాలి. లేదా ఎండబెట్టాలి.

చాలాచోట్ల ఇసుక మీదే ఎండబోస్తారు. ఖర్చు లేదు, నిజమే. కానీ చేపకు ఇసుక అంటుతుంది. కింది తడి పైకి వస్తుంది. కుక్కలు తొక్కుతాయి. ఈగలు గుడ్లు పెడతాయి. పురుగు పడుతుంది. సంతలో షావుకారు గుప్పెడు తీసి నలుపుతాడు. ఇసుక రాలితే తరుగు తీస్తాడు.

ఒక పల్లెలో అత్తా కోడళ్లకు దీని మీదే మాటామాటా వచ్చింది.

"మంచె కడదాం అత్తా. చేప నేల మీద వద్దు" అంది కోడలు.

"ఏటే! మా అమ్మ కాలం నుంచీ ఇసక మీదే ఎండబోత్తన్నాం. తిన్నోళ్లు బతకనేదా?" అంది అత్త.

కోడలు నోటుబుక్కు తెచ్చింది.

"పది కిలోలకి షావుకారు తరుగు ఎంత తీసాడు?"

"కిలో."

"కిలో ధర?"

"రెండొందలు."

"నెలకి నాలుగు సంతలు. ఎనిమిదొందలు ఇసకలో పోసినట్టే కదా!"

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాత వల అటక మీదుంది. తియ్యి" అంది.

మంచెకు పెద్ద ఖర్చు లేదు. నడుం ఎత్తున వెదురు గుంజలు పాతాలి. పైన వెదుళ్లు కట్టి, పాత వల బిగించాలి. గాలి పైనుంచీ కిందనుంచీ తగులుతుంది. అందుకే చేప తొందరగా ఎండుతుంది.

నెత్తళ్లను ముందు మంచినీళ్లతో కడగాలి. వల మీద పలచగా పరవాలి. మధ్యమధ్య తిరగెయ్యాలి. సాయంత్రం మంచు పడకముందే కప్పాలి. మబ్బు పట్టే రోజుల్లో ఉప్పునీళ్లలో కాసేపు నానబెట్టి ఎండేస్తే తొందరగా చెడవు. వంచితే పుటుక్కున విరగాలి. అప్పుడే ఎండినట్టు. నాలుగు కిలోల పచ్చి చేప ఎండితే సుమారు కిలో మిగులుతుంది.

ఈగలు రాకుండా కొందరు పురుగుల మందు చల్లుతారు. ఇంతకన్నా తప్పుడు పని లేదు. కడిగినా, వండినా ఆ మందు పూర్తిగా పోదు. పసిపిల్లలు తినే కూర అది! ఈగలకు సన్నటి దోమతెర కప్పితే చాలు.

నెత్తళ్లను ముల్లుతో సహా తింటాం. ఆ ముల్లులోనే ఎముకలకు బలమిచ్చే సున్నం ఉంది. బాలింతకూ, ఎదిగే పిల్లలకూ మంచిది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఇంజను పడవల వేట ఆపుతున్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఆ రోజుల్లో పచ్చి చేప తక్కువ. ఎండు చేపను అడిగేవాళ్లు ఎక్కువ. మార్చిలో బాగా ఎండబెట్టి, మూత బిగువుగా ఉన్న డబ్బాలో దాస్తే అప్పటికి అక్కరకొస్తాయి. ఇసుక మీద సగం ఎండినవి అన్నాళ్లు ఆగవు. బూజు పడతాయి.