షాంఘై నగరమున ఒక పగలు

దేశసంచారము విద్యలో ఒక భాగమని పెద్దలు చెప్పుదురు. అయినను తిరిగినవారందఱును నేర్చుకొని రారు. యాత్రానౌకలలో పోవువారికి ఒక్కొక్క రేవున దొరకు కాలము ఎనిమిది లేక పది గంటలు మాత్రమే. ఆ కొద్ది వ్యవధిలో మహానగరమును చూచుటెట్లు? కనబడిన మేడలనెల్ల లెక్కపెట్టి, వాని యెత్తులు వ్రాసికొని మరలి వచ్చినచో కన్నులు నిండునుగాని బుద్ధి నిండదు. మేము చీనాదేశమందలి షాంఘై నగరమును ఇట్లొక పగలు చూచినప్పుడు ఒక పద్ధతి నవలంబించితిమి. దేని యెదుట నిలిచినను మూడు ప్రశ్నలు వేసికొంటిమి. దీనిని ఎవరు కట్టిరి? ఎవరి ధనముతో కట్టిరి? ఎట్టి నేలపై కట్టిరి? వీనికి దొరకిన సమాధానములను మన విద్యార్థులకొఱకు ఇచ్చట పొందుపఱచుచున్నాము.

రేవు

షాంఘై యను పేరునకు ‘సముద్రముపైన’ అని యర్థము. యాంగ్‌ట్సీ నది సుమారు 6,300 కిలోమీటర్లు ప్రవహించి సముద్రమున కలియుచోట, ఆ నది తెచ్చిన ఒండ్రుమట్టిపై ఈ నగరము నిలిచియున్నది. నగరమధ్యమున హ్వాంగ్‌పూ అను ఉపనది పాఱుచున్నది. 2020వ సంవత్సరపు లెక్కల ప్రకారము ఇచ్చటి జనసంఖ్య ఇంచుమించు 2 కోట్ల 48 లక్షలు. 2011 నాటి లెక్కలలో నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటను ఉన్న జనములో ఇది సగమని గ్రహించినచో నగరముయొక్క పరిమాణము మనకు తెలియును.

పెద్ద యాత్రానౌకలు నగరమధ్యమునకు రాజాలవు. 1993లో కట్టిన యాంగ్‌పూ వంతెన క్రిందుగా ఎత్తైన ఓడలు దూరలేవు. కావున అవి హ్వాంగ్‌పూ నది యాంగ్‌ట్సీలో కలియు వూసుంగ్ అను చోట ఆగును. 2011లో తెఱవబడిన ఈ రేవు విశాలమైనది, శుభ్రమైనది. దిగినవారందఱును బండ్ల కొఱకు తొందరపడుదురు. కాని ఈ నదీముఖమున ఒక్క నిమిషము నిలువదగును. 1842వ సంవత్సరము జూన్ 16వ తేదీన ఆంగ్లేయుల యుద్ధనౌకలు ఇచ్చటి కోటపై ఫిరంగులు పేల్చెను. చెన్ హ్వాచెంగ్ అను వృద్ధ సేనాపతి తన స్థానమును విడువక పోరాడి ఇచ్చటనే మరణించెను. మూడు దినములలో షాంఘై పట్టణము శత్రువుల వశమయ్యెను.

ఆ యుద్ధమునకు కారణమేమి? ఆంగ్లేయులకు చీనా తేయాకు, పట్టు కావలసియుండెను. చీనావారికి ఆంగ్లేయుల సరకులు అంతగా అక్కఱలేకుండెను. కావున వెండి యంతయు చీనాకు పోవుచుండెను. దీనిని అరికట్టుటకు వర్తకులు నల్లమందు అమ్మసాగిరి. ఆ నల్లమందు మన దేశమునుండియే పోయినది. బీహారము, కాశీ ప్రాంతములలో ఈస్టిండియా కంపెనీవారు రైతులకు ముందుగా సొమ్మిచ్చి గసగసాల పైరు పెట్టించిరి. పాట్నా, ఘాజీపూర్ కర్మాగారములలో మందు తయారై కలకత్తాలో వేలము వేయబడెడిది. చీనా చక్రవర్తి పంపిన లిన్ జెషూ అను అధికారి 1839లో ఇరువదివేల పెట్టెలకు మించిన నల్లమందును నాశనము చేయించెను. దానిపై ఆంగ్లేయులు యుద్ధము సాగించిరి. ఆ యుద్ధమునకు పంపబడిన సేనలలో చెన్నపట్టణపు సైన్యమునకు చేరిన సిపాయి దళములును ఉండెను. తెలుగువారు అనేకులు ఆ సైన్యమున కొలువు చేసినవారే. కాబట్టి వూసుంగ్ చరిత్రను చదువునపుడు ఇది పరాయివారి కథయని మనము పుటలు త్రిప్పరాదు.

నదీతీరపు గట్టు

1842 నాటి నాన్‌కింగ్ సంధివలన చీనావారు అయిదు రేవులను విదేశీ వర్తకమునకు తెఱవవలసి వచ్చెను. అందు షాంఘై ఒకటి. ఆంగ్లేయులు, అమెరికావారు, ఫ్రెంచివారు ఇచ్చట తమ తమ పేటలు ఏర్పఱచుకొని తమ చట్టములనే నడుపుకొనిరి. 1884 ప్రాంతమునుండి పంజాబునుండి సిక్కులను రప్పించి రక్షకభటులుగా నియమించిరి. 1943లో గాని ఈ విదేశీ పేటలు చట్టరీత్యా రద్దు కాలేదు.

ఆ పేటలకు ముఖద్వారమువంటిది నదీతీరపు వీథి. చీనావారు దీనిని వాయ్‌తాన్, అనగా వెలుపలి తీరము, అందురు. విదేశీయులు దీనికి ‘బండ్’ అని పేరు పెట్టిరి. ఇది ఆంగ్లేయులు హిందూస్థానమున నేర్చుకొనిపోయిన మాట. గట్టు అని యర్థము. హైదరాబాదునందలి ట్యాంకుబండులోని బండును, షాంఘైలోని బండును ఒక్క మాటయే.

ఈ వీథిలో వరుసగా నిలిచిన రాతిభవనములు ఎంతయో గంభీరముగా నున్నవి. 1927లో ముగిసిన సుంకముల కార్యాలయముపై గొప్ప గడియారము కలదు. దాని ప్రక్కనే 1923లో హాంగ్‌కాంగ్ షాంఘై బ్యాంకువారు కట్టిన గుమ్మటపు మేడ యున్నది. నేడు దానిలో మఱియొక బ్యాంకు నడచుచున్నది. ద్వారము దాటి తలయెత్తి చూచినచో గుమ్మటము క్రింద రంగురాళ్ల ముక్కలతో కూర్చిన ఎనిమిది నగరముల చిత్రములు కనబడును. లండను, పారిసు, న్యూయార్కు మొదలగు వానితోపాటు కలకత్తాయును ఆ వరుసలో నున్నది. ఈ చిత్రములు చాలకాలము పూతక్రింద కప్పబడియుండి 1997లో మరల వెలుగు చూచినవి. కలకత్తా పేరు ఇచ్చట కనబడుట యాత్రికునికి మొదట సంతోషము కలిగించును. రేవునొద్ద చెప్పుకొన్న కథ జ్ఞప్తికి వచ్చినపుడు ఆ సంతోషము కొంత తగ్గును. ఎవరి ధనముతో అను మన రెండవ ప్రశ్నకు సమాధానము కొంతవఱకు ఆ పైకప్పునందే వ్రాయబడియున్నది.

ఇంకొక వింత గలదు. వీథినుండి నదిని చూడవలెనన్న మెట్లెక్కవలెను. నది సాధారణముగా పల్లమున నుండవలసినది కదా! ఇచ్చట గట్టు ఏల ఇంత యెత్తు? దీనికి సమాధానము నేలలో నున్నది. షాంఘైలో మిల్లులును కర్మాగారములును పెరిగినపుడు లోతైన బావులనుండి నీటిని విస్తారముగా తోడిరి. క్రిందనున్న మెత్తని మట్టి నీరు కోల్పోయి బిగుసుకొని, పైనున్న నగరము క్రుంగసాగెను. 1921లో ఈ సంగతి కొలతలవలన బయటపడెను. 1965 నాటికి కొన్నిచోట్ల నేల రెండున్నర మీటర్లకు పైగా దిగిపోయెను. తరువాత ప్రభుత్వమువారు తోడు నీటిని తగ్గించి, బావులద్వారా నీటిని తిరిగి భూమిలోనికి పంపిరి. క్రుంగుట చాలవఱకు మందగించెను. కాని దిగిన నేల తిరిగి లేవలేదు. కావున వఱద రాకుండ గోడ కట్టి, దానిపైననే నేడు జనులు షికారు తిరుగు బాటను వేసిరి. వేలకొలది జనులు ఆ బాటపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుచున్నారు. తాము నిలిచినది ఒక పాతతప్పునకు కట్టిన కట్టు అని తలచువారు కొందఱే.

తల్లిదండ్రులకొఱకు తోట

గట్టునకు నైరృతి దిక్కున పాత చీనా పట్టణము కలదు. జపాను ఓడదొంగల భయముచే 1553లో దీనిచుట్టును ప్రాకారము కట్టిరి. 1912లో దానిని పడగొట్టుట ప్రారంభించిరి. ఈ పట్టణములోనే యూ ఉద్యానమున్నది. పాన్ యూన్‌ద్వాన్ అను ఉద్యోగి వృద్ధులైన తన తల్లిదండ్రుల సుఖముకొఱకు 1559లో దీనిని ఆరంభించెను. కొలువుపై దూరదేశమునకు పోవలసి వచ్చుటచే పని నిలిచిపోయి 1577లో మరల సాగెను. ‘యూ’ అనగా సంతోషము, విశ్రాంతి. తోట వెలుపల కొలనుపై తొమ్మిది మలుపుల వంతెన కలదు. దుష్టశక్తులు తిన్నగానేగాని నడువజాలవని జనులు చెప్పుకొందురు. మాకు తోచిన ప్రయోజనము వేఱు. మలుపు మలుపునకును నడక మందగించి, కన్ను క్రొత్తదానిని చూచును.

దీనిని కట్టినది స్వదేశీయుడే, వెచ్చించినది స్వంతధనమే. ఆ వ్యయముచే కుటుంబమునకు గొప్ప లోటు కలిగినదందురు. 1842లో ఆంగ్లసేనలు ఈ ప్రాంతముననే విడిసినవి. తరువాతి కలహములలో తోట పాడుపడెను. 1956 మొదలు బాగుచేసి 1961లో సామాన్య ప్రజలకు తెఱచిరి. ఒక కుమారుడు ఇద్దఱు వృద్ధులకొఱకు కట్టినది నేడు లోకమునకంతకును విశ్రాంతిస్థానమైనది.

రేఖాగణితము నేర్పిన మంత్రి

భూగర్భ రైలుమార్గమున మేము పడమటి దిక్కునకు పోయి షూజియాహుయీ అను పేట చేరితిమి. నేడిచ్చట అంగడులే అధికము. 1910లో పూర్తియైన దేవాలయపు జంట శిఖరములు మాత్రము మేడలమధ్య ఎఱ్ఱగా నిలిచియున్నవి. ఈ పేటకు షూ వంశమువారి సంగమస్థలమని యర్థము. ఆ వంశమునకు మూలపురుషుడు షూ గ్వాంగ్‌చీ (1562–1633). ఈతడు షాంఘైలో పుట్టి చక్రవర్తియొద్ద మంత్రిపదవి నందిన విద్వాంసుడు. మత్తెయొ రిచ్చీ అను ఇటలీ మిషనరీతో కలిసి యూక్లిడు గ్రంథములోని మొదటి ఆఱు కాండములను చీనా భాషలోనికి తెచ్చి 1607లో ప్రకటించెను. రేఖాగణితమునకు వారు వాడిన ‘జీహే’ అను మాటనే చీనా విద్యార్థులు నేటికిని పలుకుచున్నారు. మిగిలిన కాండములు 250 ఏండ్లు వేచియుండెను. షాంఘైలోని ఒక మిషను ముద్రణాలయమున పనిచేసిన అలెగ్జాండర్ వైలీయు, లి షాన్‌లాన్ అను గణితజ్ఞుడును వానిని భాషాంతరీకరించి 1857లో వెలువరించిరి.

షూ గ్వాంగ్‌చీ గ్రంథములతోనే తృప్తిచెందలేదు. 1608లో వఱదలచే తన ప్రాంతమున కఱవు వచ్చినపుడు, దక్షిణమునుండి చిలగడదుంప తీగలను తెప్పించి నాటించి, వాని సాగుపై చిన్న పుస్తకము వ్రాసెను. ఆతని సమాధి ఇచ్చటి ఉద్యానవనమున కలదు. యాత్రికులు తక్కువగా వచ్చు ఈ స్థలము మాకు నగరమంతటిలో మిక్కిలి నచ్చినది. ఓడ ఫిరంగులతో వచ్చిన విదేశీయులకు పూర్వమే, పుస్తకముతో వచ్చిన విదేశీయునితో సమానముగా కూర్చుండి పనిచేసిన చీనావాడొకడు ఇచ్చట నుండెను. దేశములమధ్య రాకపోకలు ఏ విధముగా నుండవచ్చునో ఆ సమాధి తెలుపుచున్నది.

ఆవలి గట్టు

సాయంకాలమునకు పూడొంగ్, అనగా హ్వాంగ్‌పూకు తూర్పుగట్టు, చేరితిమి. ఇచ్చట 1990 వఱకు పొలములు, గిడ్డంగులు, కర్మాగారములు ఉండెడివి. ఆ యేట ప్రభుత్వమువారు ఈ ప్రాంతమును వృద్ధిచేయ నిశ్చయించిరి. 1994లో 468 మీటర్ల టెలివిజను గోపురము, 2008లో 492 మీటర్ల ఆర్థిక కేంద్రము, 2015లో 632 మీటర్ల షాంఘై గోపురము పూర్తియయ్యెను. కడపటిది 128 అంతస్తులు కలది. మెత్తని ఒండ్రుమట్టిలో దానిని నిలుపుటకు 980 స్తంభములను భూమిలో లోతుగా దించి, వానిపై కాంక్రీటు పీఠమును పఱచిరి. గోపురము మెలిదిరిగిన ఆకారముతో నుండుట అలంకారము మాత్రమే కాదు. తుపానుగాలి ఒక్క ముఖమునే పట్టి నెట్టకుండ ఆ మెలిక కాపాడును.

ఈ మేడలను కట్టించినవారు చాలవఱకు స్వదేశీయులు. కాని గ్రామసీమలనుండి వచ్చిన కూలీల చెమటయు ఇందు కలదు, ఇండ్లు విడిచి వేఱుచోట్లకు పోయిన కుటుంబముల కష్టమును కలదు. పాత గట్టుకు వేసిన ప్రశ్నను క్రొత్త గట్టుకు వేయకుండుట న్యాయము కాదు. దీపములు వెలిగినపుడు రెండు తీరములును నీటిలో ఒక్కటిగానే మెఱయును. చూచువాడు వేర్వేఱుగా అడిగి తెలిసికొనవలెను.

విద్యార్థులకు ఒక పని

యాత్రానౌక నెక్కు భాగ్యము అందఱకును కలుగదు. కలుగకున్నను కొఱతలేదు. మన ఊరి చెఱువుకట్ట, రైలుస్టేషను, పాతబంగళా, క్రొత్తమేడ వీనిలో దేనినైనను ఎన్నుకొని ఆ మూడు ప్రశ్నలును అడుగుడు. ఇంటి పెద్దలను, గ్రామ వృద్ధులను విచారింపుడు. ముఖ్యముగా మూడవ ప్రశ్నను మఱవకుడు. మీ యింటనో పొరుగుననో ఉన్న బావిలో నీరు ఎన్ని అడుగుల లోతున నున్నదో నెలకొకసారి కొలిచి, తేదీతో సహా ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. షాంఘైలో నేల క్రుంగుటను మొదట కనిపెట్టినది కొలతలే. అవి లేకున్నచో ఆ మహానగరము ఇంకను ఎంత దిగియుండెడిదో!