పాత వ్యానులలో ఇంజను కాగుట – మీటరు ముల్లు చెప్పని సంగతులు

మిరప టిక్కీలు గుంటూరు యార్డునకు కదలు మాసములే మనకు ఎండలు ముదురు మాసములు. పిడుగురాళ్ల నుండి సత్తెనపల్లి మీదుగా బరువుతో పోవు పాత వ్యాను త్రోవలో కాగి నిలిచినచో కిరాయి నష్టము, ఆనాటి బేరము నష్టము. ఇంజను పట్టుకొన్నచో ఆ యేటి రాబడిలో పెద్ద భాగము మరమ్మతునకే పోవును. పాత టాటా 407 గాని, 2005వ సంవత్సరమున వెలువడిన టాటా ఏస్ తొలి బండ్లు గాని నడుపు సభ్యులు ఈ సంగతి శ్రద్ధగా చదువవలెను.

మొదట మీటరు మాట. ముల్లు నడుమ నున్నంత మాత్రమున ఇంజను చల్లగా నున్నదని నమ్మరాదు. నేనొకసారి అట్లే నమ్మి హెడ్డు వంకర పోఁగొట్టుకొంటిని. క్రింది గొట్టము చిట్లి నీరంతయు కారిపోయినది. ముల్లు మాత్రము కదలలేదు. కారణమేమనఁగా, వేడిని తెలుపు సెన్సారు నీటిలో మునిగి యుండవలెను. నీరు దిగిపోయి అది గాలిలో మిగిలినచో, చుట్టు నున్న ఇనుము కాలిపోవుచున్నను, అది తక్కువ వేడినే చూపవచ్చును. కావున ముల్లు ఉన్నట్టుండి క్రిందికి పడినను సంతోషింపక బండి నాపవలెను.

మీటరు తప్పో, ఇంజను తప్పో తెలిసికొను ఉపాయము సులభము. ఇది సెన్సారునకు ఒకే తీఁగ యున్న పాత ముల్లు మీటర్లకే వర్తించును; కంప్యూటరు గల బండ్లలో చేయరాదు. తాళము త్రిప్పి, ఇంజను నడుపక, సెన్సారు తీఁగను ఊడఁదీయుఁడు. ముల్లు చల్లని వైపునకు పోవలెను. ఆ తీఁగ కొనను ఇంజను ఇనుమునకు క్షణకాలము తాఁకింపుఁడు. ముల్లు వేడి వైపునకు లేవవలెను. రెండును జరిగినచో మీటరును తీఁగయు మంచివే, సెన్సారును అనుమానింపవలెను. లేవనిచో తీఁగ తెగినదో, మీటరు చెడినదో చూడవలెను. హెడ్ లైట్లు వేయఁగానే ముల్లు కదలినచో మీటరునకు ఎర్తు సరిగా లేదని తలఁపవచ్చును. ఒకే తీఁగ గల సెన్సారు తన మరల ద్వారానే ఎర్తు పొందును. పంపు పైపులకు చుట్టు తెల్ల టేపును దానికి దట్టముగా చుట్టుటచే మీటరు తప్పు చెప్పవచ్చును.

ఇఁక నిజముగానే కాగుచున్నచో, ఎప్పుడు కాగుచున్నదో గమనింపవలెను. యార్డు వరుసలో నిలిచి యుండఁగా కాగి, దారిపై చల్లఁబడినచో ఫ్యాను, బెల్టు, లేదా రేడియేటరు రెక్కల నడుమ చేరిన పత్తి నుసి, సున్నపు దుమ్ము కారణము. బరువుతో పరుగెత్తునపుడు మాత్రమే కాగినచో రేడియేటరు లోపల పూడినదనుకొనవచ్చును. చల్లని ఇంజను నడిపిన కొలఁది నిమిషములకే కాగినచో నీరు చాలదో, థర్మోస్టాటు మూసికొని బిగిసినదో చూడవలెను. నూనె పాలవలె మారినను, రేడియేటరులో బుడగలు ఎడతెగక లేచినను హెడ్ గ్యాస్కెట్టు పోయినదని అనుమానించి ఆ బండిని నడుపక నిలుపవలెను.

థర్మోస్టాటును తీసి పారవేయుఁడని కొందరు మెకానిక్కులు చెప్పుదురు. నాకది సమ్మతము కాదు. ఇంజను తగిన వేడి నందక డీసిలు వృథా యగును, అరుగుదల హెచ్చును. కొన్ని ఇంజనులలో నీరు రేడియేటరును తప్పించుకొని ప్రక్కదారిన పోయి వేడి మఱింత పెరుగును. దానిని దారమునకు కట్టి గిన్నెడు నీటిలో వ్రేలాడఁదీసి కాఁచి, ధర్మామీటరుతో చూచినచో తెఱచుకొనునో లేదో తెలిసిపోవును. తెఱచుకొను వేడి దానిపైననే చెక్కియుండును.

మన ఊరికి ప్రత్యేకమైన దోషము నీరు. పిడుగురాళ్ల బట్టీలలో కాల్చు సున్నపురాయి గల నేలలోనిదే మన బోరు నీరు. ఆ రాయి నీటిలో కరఁగి యుండి, కాఁగినపుడు మరల రాయిగా పేరును. కాఁగుల అడుగున తెల్లని పొర చూచిన ఇల్లాండ్రకు ఇది క్రొత్త గాదు. ఇంజను లోపలను అట్లే పేరి, ఇనుము వేడిని నీటికి చేరనీయదు. దానిని కరఁగించుటకు ఆసిడ్డు పోయరాదు, అల్యూమినియము తినివేయఁబడును. రేడియేటరు పనివాని చేత శుభ్రపఱపించి, తరువాత బ్యాటరీలకు పోయు డిస్టిల్డు నీటితో కూలెంటు కలిపి నింపవలెను. బ్యాటరీ ఆసిడ్డును ఈ నీరని పొరపడి కొనరాదు.

మూఁత సంగతి యొకటి మిగిలినది. మంచి మూఁత ఒత్తిడిని నిలిపి, నీరు 100 డిగ్రీలు దాఁటినను మరగకుండఁ జేయును. రబ్బరు చీలిన మూఁతను మార్చుట కొలఁది రూపాయల పని. అయితే వేడి మీఁద దానిని విప్పినచో ఆవిరి ముఖమున కొట్టును. బండి నాపి కనీసము అరగంట ఆగి, పై గొట్టము చేతికి చల్లగా తగిలిన పిదపనే విప్పవలెను. కాలుచున్న ఇంజనులో చన్నీరు ఒక్కసారిగా పోసినచో హెడ్డు పగులవచ్చును. చల్లారిన పిదప కొంచెము కొంచెముగా పోయవలెను.