ఆకు కోయు తేనెటీగ

గులాబి ఆకుల అంచున కత్తెరతో కోసినట్లు గుండ్రని కోతలు కనబడినప్పుడు, తరచుగా మనము ముందు పిల్లవానిని మందలింతుము. పిమ్మట మొక్కపై పురుగుమందు చల్లుదుము. ఆ రెంటికిని ముందు, ఒక ఉదయము పిల్లలతో గూడ ఆ మొక్కచెంత నిలిచి చూడవలసినదని తల్లిదండ్రులకు మా మనవి.

ఆ కోత ఆకుకోత తేనెటీగ పని. ఇది తుట్టె పట్టదు. దీనికి రాణి లేదు, పనికత్తెలు లేరు. తల్లి యొక్కతెయే గూడు కట్టి, ఆహారము కూర్చి, గ్రుడ్డు పెట్టును. కోసిన ఆకును ఇది తినదు. బిడ్డకు గదిగా అమర్చును.

వెదురు గొట్టమో, కొయ్యలోని తొఱ్ఱయో దొరికిన చోట, కోలగా కోసిన ముక్కలను ఒకదానిపై నొకటి ఒరయునట్లు చుట్టి చిన్న దొన్నెవలె చేయును. అందు పుప్పొడిని, మకరందమును కలిపి నింపి, ఒక గ్రుడ్డు పెట్టి, గుండ్రని ముక్కలతో మూత వేయును. కోలముక్క గోడకు, గుండ్రని ముక్క మూతకు! ఈ జాతిలో ఒక తేనెటీగ ఒక్కొక్క గదికి సుమారు 15 ముక్కలు వాడును.

ఏ ఆకైనను దీనికి చాలదు. పలుచగా, నునుపుగా, వంచిన విరుగక చుట్టుకొను ఆకు కావలెను. గులాబి, కాగితపుపూల మొక్క ఆకులు అందుకు తగినవి. ఆకుపొర లోపలి ఆహారము ఎండిపోకుండ కాపాడును. వేరొక ఒంటరి తేనెటీగ నూగుగల ఆకులను గీరి, ఆ నూగుతో దూదిపరుపువంటి గూడు కట్టును. మరియొకటి చెట్ల జిగురును వాడును. ఎవరి అవసరమునకు తగిన వస్తువును వారు ఎన్నుకొనుచున్నారు.

ఈ ఎన్నికకు మన అజాగ్రత్త అడ్డు వచ్చుచున్నది. కెనడాలోని టొరంటో నగరమున ఆకుకోత తేనెటీగ ఆకునకు బదులు ప్లాస్టిక్ సంచి ముక్కలను గూటిలో చేర్చినట్లు 2013లో పరిశోధకులు ప్రకటించిరి.

ఇది మనకు ఉపకారి. ఈ జాతి తేనెటీగలు కందిపూలపై వ్రాలి పరాగమును చేరవేయును. అమెరికా, కెనడాలలో లూసర్న్ గడ్డి విత్తనము పండించు రైతులు ఇందొక దానిని ప్రత్యేకముగా పెంచుచున్నారు. చేతపట్టి నలిపిననే గాని ఇది కుట్టుట అరుదు.

కావున నాలుగు ఆకులకు కోత పడినను మందు చల్లకుందుము. ఒకవైపు మూసియున్న వెదురు ముక్కను వాన తగులని చూరుక్రింద కట్టి, ఏ ఆకు తెచ్చుచున్నదో పిల్లలచేత గమనింపజేయుదము. ఆ మొక్కల పేర్లను వారికి తెలుగున చెప్పుదము. బడిలో మేము చెప్పు పాఠము ఇంటిలో ఇట్లు నిలుచును; చేయని తప్పునకు పిల్లవానిని దండించు పొరపాటును తప్పును.