అంగట్లో దొరకని యుద్ధవిమానం

అమెరికాలో అనేక పట్టణాల వెలుపల గడ్డి కోసి చదును చేసిన చిన్న మైదానాలు ఉన్నాయి. సెలవు దినాలలో పిల్లలు, పెద్దలు అక్కడ చేరి, చేతిలోని రేడియో పెట్టెతో నమూనా విమానాలను ఆకాశంలో నడుపుతారు. వాటిలో యుద్ధవిమానాల నమూనాలకు ఆదరణ ఎక్కువ. రెక్కల మీది రంగులు, లోపలి పైలట్ బొమ్మ, ముడుచుకొనే చక్రాలు అన్నీ అసలు విమానంలో ఉన్నట్లే ఉంటాయి. ఈ అభిరుచి గలవారు ఇద్దరు కలిస్తే సంభాషణ తప్పక ఒక కోరికల జాబితా మీదికి మళ్ళుతుంది. ఫలానా విమానం నమూనాను ఏ కంపెనీ అయినా తయారు చేస్తే ఎంత బాగుండును అనుకోని వారుండరు.

భారతీయ కుటుంబాల పిల్లలలో ఈ కోరిక ఇంకొంచెం గట్టిగా ఉండడానికి కారణం ఉంది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్ దేశాల విమానాలు దుకాణాలలో బారులు తీరి ఉంటాయి. భారతదేశంలో రూపుదిద్దుకొన్న మొట్టమొదటి జెట్ యుద్ధవిమానం ‘మారుత్’ మాత్రం పెద్ద తయారీదారుల పట్టికలలో కనిపించదు. అది ఎందుకు కనిపించదు? దానిని ఇంట్లోనే నిర్మించుకోవాలంటే ఏ శాస్త్రం తెలియాలి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ వ్యాస లక్ష్యం.

ఆటగా పుట్టిన విద్య

1936లో అమెరికాలోని నమూనా విమానాల అభిమానులు ‘అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్’ అనే సంస్థను స్థాపించుకొన్నారు. దాని ప్రధాన కార్యాలయం ఇప్పుడు ఇండియానా రాష్ట్రంలోని మన్సీ పట్టణంలో ఉంది. ఆ దశాబ్దంలోనే మిషిగన్ రాష్ట్రానికి చెందిన వాల్టర్ గుడ్, విలియం గుడ్ అనే కవల సోదరులు ‘గఫ్’ అనే నమూనా విమానాన్ని రేడియోతో నడిపి, 1938 జాతీయ పోటీలలో నెగ్గారు. ఆ విమానం స్మిత్సోనియన్ సంస్థ వారి వైమానిక, అంతరిక్ష ప్రదర్శనశాలకు చేరింది.

ఆటకూ యుద్ధానికీ నడుమ గోడ పలుచన అని చెప్పే ఉదంతం కూడా ఆ రోజులదే. హాలీవుడ్ నటుడు రెజినాల్డ్ డెన్నీ నమూనా విమానాల దుకాణం నడిపి, ఆ అనుభవంతో ‘రేడియోప్లేన్’ కంపెనీని నెలకొల్పాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఫిరంగి దళాలు గురి నేర్చుకొనడానికి ఆ కంపెనీ దాదాపు 15,000 చిన్న రేడియో విమానాలను అందజేసింది. 1945లో ఆ కర్మాగారంలో పనిచేస్తున్న ఒక యువతిని సైనిక ఛాయాచిత్రకారుడు ఫొటో తీశాడు. ఆమెయే తరువాతి కాలంలో మెరిలిన్ మన్రోగా ప్రసిద్ధి చెందింది.

అచ్చు చేసే నిర్ణయం

ఒకప్పుడు నమూనా విమానమంటే బాల్సా కర్రముక్కలు, ఒక పటం, జిగురు సీసా. కొన్నవాడు నెలల తరబడి కూర్చొని కట్టుకొనేవాడు. నేటి నమూనాలలో ఎక్కువ భాగం గట్టి నురుగు పదార్థంతో, లోహపు అచ్చులలో తయారవుతాయి. పెట్టె తెరిచి, రెక్కలు బిగించి, కొన్ని గంటలలో ఎగురవేయవచ్చు. ఈ సౌకర్యానికి మూల్యం అచ్చులో ఉంది. వంద విమానాలు చేసినా, పదివేలు చేసినా అచ్చుకయ్యే ఖర్చు ఒక్కటే. కాబట్టి వేల సంఖ్యలో అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉన్న విమానానికే అచ్చు పోస్తారు.

ఆ నమ్మకం జనానికి ఉన్న పరిచయం మీద ఆధారపడుతుంది. 15,000కు పైగా తయారైన పి-51 మస్టాంగ్‌ను సినిమాలలో, ప్రదర్శనశాలలలో, వైమానిక ప్రదర్శనలలో చూడని అమెరికన్ అరుదు. అందుచేత ప్రతి కంపెనీ మస్టాంగ్‌ను చేస్తుంది. దుకాణంలో కనిపిస్తుంది గనుక పిల్లలు దానినే కోరుతారు, పిల్లలు కోరుతారు గనుక కంపెనీలు మళ్ళీ దానినే చేస్తాయి. ఈ చక్రంలోకి కొత్త విమానం ప్రవేశించడం కష్టం.

పరిమాణం తగ్గితే ఏమవుతుంది?

వ్యాపారం ఒక కారణం మాత్రమే. ప్రకృతి నియమం మరొకటి. ఒక వస్తువు పొడవును ఏడో వంతుకు తగ్గిస్తే, దాని వైశాల్యం ఏడేడుల నలభై తొమ్మిదో వంతుకు, ఘనపరిమాణం 343వ వంతుకు తగ్గుతాయి. విమానాన్ని పైకి ఎత్తేది రెక్క వైశాల్యం. క్రిందికి లాగే బరువు ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది.

మస్టాంగ్‌నే తీసుకొందాం. దాని రెక్కల విస్తృతి 37 అడుగులు, రెక్క వైశాల్యం 235 చదరపు అడుగులు, యుద్ధానికి సిద్ధమైనప్పటి బరువు సుమారు 9,200 పౌండ్లు. అంటే ప్రతి చదరపు అడుగు రెక్క 39 పౌండ్లు మోయాలి. దీనిని రెక్కభారం అందాం. ఏడో వంతు నమూనాకు రెక్కల విస్తృతి 63 అంగుళాలు, వైశాల్యం 4.8 చదరపు అడుగులు, బరువు లెక్క ప్రకారం 27 పౌండ్లు. అప్పుడు రెక్కభారం 5.6 పౌండ్లు.

విమానం గాలిలో నిలవడానికి అవసరమైన కనీస వేగం రెక్కభారం వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అసలు మస్టాంగ్‌కు ఆ వేగం గంటకు దాదాపు 100 మైళ్ళు. 27 పౌండ్ల నమూనాకు అది సుమారు 38 మైళ్ళు అవుతుంది. చిన్న గడ్డి మైదానంలో అంత వేగంతో దిగడం ప్రమాదకరం. అందుకే నిర్మాతలు దానిని 9 పౌండ్లకు మించకుండా కడతారు. అప్పుడు రెక్కభారం 2 పౌండ్ల లోపు, కనీస వేగం 22 మైళ్ళ దరిదాపులు. రూపంలో అసలు విమానాన్ని పోలి, బరువులో పోలకుండా ఉండడమే నమూనా నిర్మాణంలోని మొదటి రహస్యం.

గాలి కూడా మారిపోతుంది

22 మైళ్ళు కాగితం మీది లెక్క. వాస్తవంలో ఇంకొంచెం ఎక్కువ వేగం కావాలి. ఎందుకంటే విమానం చిన్నదైతే దానికి గాలి చిక్కబడినట్లు ప్రవర్తిస్తుంది. ఏనుగు నీటి మడుగులో హాయిగా స్నానం చేస్తుంది, చీమకు అదే నీటి బిందువు బంధిఖానా. ద్రవాలు, వాయువులు వస్తువు పరిమాణాన్ని బట్టి తమ ప్రవర్తన మార్చుకొనే ఈ తీరును ఆస్‌బర్న్ రెనాల్డ్స్ 1883లో ప్రయోగపూర్వకంగా వివరించాడు. ఆయన పేరుతోనే రెనాల్డ్స్ సంఖ్య వచ్చింది.

లెక్క కట్టడం సులభం. సెకనుకు మీటర్లలో వేగాన్ని, మీటర్లలో రెక్క వెడల్పుతో గుణించి, గాలి స్నిగ్ధతను తెలిపే 0.000015తో భాగించాలి. సెకనుకు 100 మీటర్ల వేగంతో పోయే మస్టాంగ్ రెక్క సగటు వెడల్పు 2 మీటర్లు అనుకొంటే, ఈ సంఖ్య 1 కోటి 33 లక్షలు. 20 మీటర్ల వేగంతో పోయే ఏడో వంతు నమూనాకు సుమారు 3 లక్షల 80 వేలు. ముప్పై అయిదు రెట్ల తేడా!

సంఖ్య తగ్గినకొద్దీ రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పారవలసిన గాలి త్వరగా విడిపోతుంది. విడిపోతే ఉత్థాపక బలం కూలిపోతుంది. సన్నని రెక్క కొనల దగ్గర ఇది ముందుగా జరిగి, విమానం ఒక ప్రక్కకు ఒరిగి పడిపోతుంది. దీనికి విరుగుడుగా నమూనా నిర్మాతలు రెక్క కొనను రెండు డిగ్రీల మేర క్రిందికి మెలివేస్తారు, రెక్క ముందంచును కాస్త గుండ్రంగా చేస్తారు, తోకను ఒకింత పెంచుతారు. చూపరులు పసిగట్టలేని ఈ చిన్న అబద్ధాలే విమానాన్ని గాలిలో నిలుపుతాయి.

మారుత్ కథ

ఈ నియమాలు మన చేతిలో ఉండగా ఇప్పుడు మారుత్ దగ్గరకు రావచ్చు. జర్మనీకి చెందిన కుర్ట్ టాంక్ రెండో ప్రపంచయుద్ధంలో ఫోకె-వుల్ఫ్ 190 విమానాన్ని రూపొందించిన మేటి. 1956లో ఆయన భారతదేశానికి వచ్చి, బెంగళూరులోని హిందూస్థాన్ సంస్థలో భారతీయ ఇంజనీర్లతో కలిసి పనిచేశాడు. ఆయన రూపొందించిన ఫోకె-వుల్ఫ్ నమూనా నేటికీ దుకాణాలలో లభిస్తుంది. అదే చేతి మీదుగా బెంగళూరులో పుట్టిన మారుత్ లభించదు.

జెట్ విమానాన్ని చేసే ముందు ఆ బృందం ఏమి చేసిందో నమూనా నిర్మాతలు తెలుసుకోవాలి. అసలు పరిమాణంలోనే, ఇంజిను లేని ఒక కొయ్య విమానాన్ని నిర్మించింది! 1959 నుండి దానిని డకోటా విమానం వెనుక కట్టి పైకి తీసుకొనిపోయి, వదిలి, అది గాలిలో నడిచే తీరును పరీక్షించారు. ఆ తరువాత 1961 జూన్ 17న సురంజన్ దాస్ అసలు మారుత్‌ను తొలిసారి ఎగురవేశాడు. మొత్తం 147 విమానాలు తయారయ్యాయి. 1971 యుద్ధంలో అవి రాజస్థాన్ రంగంలో శత్రు స్థావరాలపై దాడులు చేశాయి.

అయితే మారుత్‌ను జీవితాంతం ఒక లోటు వెంటాడింది. ధ్వనివేగానికి రెండింతల వేగంతో పోవాలన్నది దాని లక్ష్యం. అందుకు బ్రిటన్‌లో రూపొందుతున్న బలమైన ఆర్ఫియస్ ఇంజినును నమ్ముకొన్నారు. ఆ ఇంజిను అభివృద్ధి మధ్యలో నిలిచిపోయింది. దాని ఖర్చు భరించడానికి భారత ప్రభుత్వమూ ముందుకు రాలేదు. చివరకు అంతకంటె తక్కువ శక్తి గల రెండు ఆర్ఫియస్ 703 ఇంజిన్లతో సరిపెట్టవలసి వచ్చింది. ఒక్కొక్కదాని త్రోపుడు బలం 4,850 పౌండ్లు. రెండూ కలిసినా విమానం బరువులో సగం మాత్రమే. ఇంజినీర్ల ప్రతిభ గీసిన చక్కని ఆకారం పరాయి చేతిలోని ఇంజిను కోసం ఎదురుచూచి నష్టపోయింది.

కాగితం మీద మారుత్ నమూనా

మారుత్ రెక్కల విస్తృతి 9 మీటర్లు, పొడవు 15.87 మీటర్లు, రెక్క వైశాల్యం 28 చదరపు మీటర్లు. పదో వంతు నమూనాకు ఇవి వరుసగా 90 సెంటీమీటర్లు, సుమారు 159 సెంటీమీటర్లు, 0.28 చదరపు మీటర్లు అవుతాయి. కారులో పట్టే పరిమాణమే.

బరువు 3.5 కిలోగ్రాములకు మించకుండా కడితే చదరపు మీటరుకు 12.5 కిలోల భారం పడుతుంది. కనీస వేగం గంటకు 55 కిలోమీటర్ల దరిదాపులు. అంటే దిగేటప్పుడు 65 కిలోమీటర్లు ఉండాలి. గడ్డి మైదానం చాలదు, పొడవైన గట్టి నేల కావాలి. ఇది మొదటి చిక్కు.

రెండో చిక్కు నడుములో ఉంది. ధ్వనివేగం సమీపంలో గాలి ప్రతిరోధాన్ని తగ్గించడానికి మారుత్ దేహాన్ని రెక్కల దగ్గర సన్నగా నొక్కారు. నమూనా ఆ వేగాల ఛాయలకు కూడా పోదు కనుక దానికి ఆ నొక్కు వల్ల ప్రయోజనం లేదు. కానీ పోలిక కోసం ఉంచక తప్పదు. సరిగ్గా అక్కడే గాలిని త్రోసే విద్యుత్ పంఖా అమరవలసి ఉంది. రెండు చిన్న పంఖాలు పెట్టాలా, ఒకే పెద్దదానిని పెట్టి వెనుక గొట్టాన్ని రెండుగా చీల్చాలా అన్నది నిర్మాత తేల్చుకోవలసిన ప్రశ్న.

మూడో విషయం మాత్రం చిక్కు కాదు, వరం. 90 మిల్లీమీటర్ల విద్యుత్ పంఖా నేటి లిథియం బ్యాటరీలతో 3 కిలోలకు పైగా త్రోపుడు బలం ఇస్తుంది. అంటే దాదాపు విమానం బరువంత! అసలు మారుత్ ఎన్నడూ పొందని శక్తి దాని చిన్న రూపానికి సులభంగా లభిస్తుంది.

చేతిపని విలువ

అచ్చు ఒక్క బొమ్మ కోసం పని చేయదు. చేయి చేస్తుంది. కొండపల్లి కళాకారుడు తెల్ల పొణికి కర్రను చెక్కి అంబారీ ఏనుగును చేసినా, దశావతారాలను చేసినా వేల గిరాకీ కోసం ఆగడు. పొణికి తేలికైన మెత్తని కర్ర. విమాన నమూనాలకు వాడే బాల్సా కూడా అటువంటిదే. ఈక్వడార్ దేశం నుండి వచ్చే ఆ కర్ర సాంద్రత నీటి సాంద్రతలో దాదాపు ఆరో వంతు. బాల్సా, పలుచని ప్లైవుడ్, నురుగు పలకలు, ఇంటి కంప్యూటరులో గీసిన పటం, ప్లాస్టిక్ భాగాలను ముద్రించే యంత్రం ఉంటే, ఏ కంపెనీ చేయని విమానాన్నీ ఒక కుటుంబం చేసుకోవచ్చు.

క్రమం ముఖ్యం. ముందు అసలు విమానపు కొలతలు, మూడు వైపుల పటాలు సేకరించాలి. బెంగళూరు ప్రదర్శనశాలలలోనూ, జర్మనీలో మ్యూనిక్ సమీపంలోని ష్లైస్‌హైమ్‌లోనూ మారుత్‌లు భద్రంగా ఉన్నాయి. సెలవులకు భారతదేశం వెళ్ళినప్పుడు ఫొటోలు తీసుకోవచ్చు. తరువాత టాంక్ బృందం చేసినట్లే ఇంజిను లేని చిన్న రూపాన్ని చేసి, చేతితో విసిరి, గరిమనాభి ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. గరిమనాభి వెనుకకు జరిగిన విమానం అదుపులో ఉండదు. ఇవన్నీ అయిన తరువాతనే మోటారు, రేడియో.

మొదటి విమానంగా మారుత్ పనికిరాదని కూడా చెప్పాలి. ఎగురవేయడం నేర్చుకొనడానికి ఎత్తైన రెక్క గల నెమ్మది విమానం, ప్రక్కన అనుభవజ్ఞుడైన గురువు అవసరం. అమెరికా వైమానిక శాఖ నియమాలను పాటించాలి. 250 గ్రాములు మించిన విమానం గలవారు పేరు నమోదు చేసుకోవాలి, ఉచితంగా లభించే భద్రతా పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి, విమానాన్ని కంటికి కనిపించే మేరలోనే ఉంచాలి. సాధారణ ప్రదేశాలలో 400 అడుగుల ఎత్తు దాటరాదు. స్థానిక క్లబ్బులో చేరితే మైదానం, గురువు, నియమాల వివరాలు ఒక్కచోటే దొరుకుతాయి.

తయారీదారులు తమ విమానాన్ని ఎప్పుడో ఒకప్పుడు చేస్తారని ఎదురుచూడడంలో తప్పు లేదు. కానీ ఇంజిను కోసం ఎదురుచూచిన మారుత్ చెప్పే పాఠం వేరు. వంటింటి బల్ల మీద తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఒక రెక్కను గీసి, కోసి, అతికించిన నాడు ఆ ఇంటికి రెనాల్డ్స్ సంఖ్యా వస్తుంది, భారత వైమానిక చరిత్రలో ఒక అధ్యాయమూ వస్తుంది. విమానం ఎగిరితే అది అదనపు లాభం.

పిల్లలకు లెక్క

తేజస్ విమానం 2001 జనవరి 4న తొలిసారి ఎగిరింది. దాని నిర్మాణ కార్యక్రమానికి సారథ్యం వహించిన కోట హరినారాయణ తరువాత హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. తేజస్ రెక్కల విస్తృతి 8.2 మీటర్లు, పొడవు 13.2 మీటర్లు. ఎనిమిదో వంతు నమూనా కొలతలు ఎంత? బరువు లెక్క ప్రకారం ఎన్నో వంతు అవుతుంది?

జవాబు: విస్తృతి 1.025 మీటర్లు, పొడవు 1.65 మీటర్లు, బరువు 512వ వంతు.