గుండె నిదానిస్తే గుండెకే మేలు

మా దవాఖానాకు వచ్చి, "హకీం సాబ్, గుండె మాత్రలు మానేస్తాను, ఖమీరా ఇవ్వండి" అని అడిగేవారు ఉన్నారు. నేను ఒప్పుకోను. ఎందుకో వినండి.

గుండె బలహీనతను యునానీలో జోఫె ఖల్బ్ అంటాం. బలం తగ్గిన గుండె ఒక్కో దెబ్బకు తక్కువ రక్తం పంపుతుంది. ఆ లోటు తీర్చుకోవడానికి వేగం పెంచుతుంది. కానీ గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది రెండు దెబ్బల నడుమ విరామంలోనే. వేగం పెరిగితే ఆ విరామం తరిగి, అలసిన గుండె ఇంకా అలసిపోతుంది.

డాక్టర్లు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు ఈ వేగాన్ని తగ్గిస్తాయి. 2010లో వెలువడిన షిఫ్ట్ పరిశోధనలో, నాడి నిమిషానికి 70కి తగ్గని 6,500 మందికి పైగా రోగులను పరిశీలించారు. మామూలు మందులకు తోడుగా ఇవాబ్రడిన్ వాడినవారిలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణించడం లేదా గుండె వైఫల్యం ముదిరి ఆసుపత్రిలో చేరడం 18 శాతం తగ్గింది. అయితే ఇది నాడి లయ సక్రమంగా ఉన్నవారికే.

మీరు చేయవలసినవి:

1. చెన్నై ఎండలో తిరిగి వచ్చిన వెంటనే కాక, అయిదు నిమిషాలు కూర్చున్నాక నబ్జ్‌ను పూర్తి నిమిషం లెక్కించి రాసుకోండి.

2. బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపకండి; ప్రమాదం.

3. ఖమీరాలో చక్కెర పాకం ఉంటుంది. షుగర్ ఉన్నవారు జాగ్రత్త. వాడే ప్రతి మందునూ డాక్టరుకూ, హకీంకూ చెప్పండి.

4. కాళ్ళ వాపు, పడుకుంటే ఆయాసం, నాడి 50 కన్నా తగ్గి కళ్ళు తిరగడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.